మొదటిసారి కేసులో ఇరుక్కున్న విద్యార్థికి: మసాచుసెట్స్‌లో ప్రీట్రయల్ ప్రొబేషన్ అంటే ఏమిటి, దాన్ని ఎలా అడగాలి

పోలీసు కేసు ఎదురైన మన విద్యార్థులు ఫోను చేయగానే జైలు గురించే అడుగుతారు. దుకాణంలో చిన్న వస్తువు తీసుకున్నారన్న ఆరోపణ, అంతకుముందు ఏ కేసూ లేదు, వయసు ఇరవై రెండు. ఇలాంటి వాళ్ళకు మసాచుసెట్స్‌లో జైలు ప్రసక్తి దాదాపు రాదు. 250 డాలర్ల లోపు సరుకు విషయంలో, మొదటిసారి అయితే, షాప్‌లిఫ్టింగ్‌కు చట్టంలో రాసిన గరిష్ఠ శిక్షే 250 డాలర్ల జరిమానా. అందుకే చాలామంది ఆ జరిమానా కట్టేసి త్వరగా బయటపడదామనుకుంటారు. త్వరగా బయటపడటానికి జడ్జి ముందు నేరం ఒప్పుకుంటారు. ఆ ఒప్పుకోలు మూడేళ్ళ తర్వాత హైదరాబాద్ కాన్సులేట్ కిటికీ దగ్గర బయటికి వస్తుంది. అప్పుడు ఎంత మంచి లాయరైనా వెనక్కి వెళ్ళి దిద్దడం చాలా కష్టం.

నేను వూస్టర్‌లో ఒక క్రిమినల్ డిఫెన్స్ లాయరు దగ్గర పారాలీగల్‌గా పనిచేస్తున్నాను. మాది నరసరావుపేట. తెలుగు పిల్లల కేసు వచ్చిందంటే తల్లిదండ్రులతో మాట్లాడే పని నాదే. నేను లాయరును కాను, మీ కేసుకు సలహా ఇవ్వలేను. మీ లాయరును ఏమేమి అడగాలో, ఏ కాగితం ముందు చెయ్యి ఆపాలో మాత్రం చెప్పగలను. కింద చెప్పే సందర్భాల్లో మనుషులను గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు.

ముందుగా కేసు ఏ రాష్ట్రానిదో చూడండి. నేను రాసేది మసాచుసెట్స్ చట్టం. లోవెల్‌లో చదివే పిల్లలు అమ్మకపు పన్ను లేదని న్యూ హాంప్‌షైర్‌లోని నాషువాకు వెళ్ళి కొనుక్కుంటారు. అక్కడి మాల్ సరిగ్గా సరిహద్దు మీద ఉంది. కార్లు పెట్టే స్థలంలో కొంత మసాచుసెట్స్‌లోకి వస్తుంది, దుకాణాలు మాత్రం న్యూ హాంప్‌షైర్‌వి. అక్కడ పట్టుబడితే అది న్యూ హాంప్‌షైర్ కేసు. చట్టం వేరు, కోర్టు వేరు, లాయరుకు ఉండవలసిన లైసెన్సు కూడా వేరు. ఇటువైపు బర్లింగ్టన్ మాల్‌లో అయితే వూబర్న్ జిల్లా కోర్టు, నేటిక్‌లో అయితే ఫ్రేమింగ్‌హామ్. చేతిలో పెట్టిన కాగితం మీద కోర్టు పేరు, తేదీ ఉంటాయి. ఆ కాగితాన్ని ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. మిగతాదంతా దాని నుంచే మొదలవుతుంది.

జడ్జి వరకూ వెళ్ళకుండా ఆగే అవకాశం

అరెస్టు చేయకుండా వదిలిపెట్టి, తర్వాత ఇంటికి ఒక ఉత్తరం పంపితే దాన్ని శ్రద్ధగా చదవండి. చిన్న నేరాల విషయంలో, అరెస్టు కాని వ్యక్తికి, అభియోగం నమోదు చేయాలా వద్దా అని తేల్చే విచారణ ఒకటి ఉంటుంది. దీన్ని క్లర్క్ మేజిస్ట్రేట్ నిర్వహిస్తారు. ఇది చిన్న గదిలో, బయటివాళ్ళు లేకుండా జరుగుతుంది. ఇక్కడ మేజిస్ట్రేట్ అభియోగాన్ని జారీ చేయకుండా కొన్ని నెలలు పక్కన పెట్టి, ఆ తర్వాత మూసేయవచ్చు. అలా మూసేస్తే మీ పేరు మీద కోర్టు రికార్డే పుట్టదు. ఇంతకంటే మంచి ముగింపు లేదు.

మన పిల్లలు ఈ ఉత్తరాన్ని ట్రాఫిక్ చలానాలా చూసి, ఒంటరిగా వెళ్ళి, ‘సారీ సర్, తప్పయింది’ అని మొత్తం చెప్పేస్తారు. ఈ విచారణకు ప్రభుత్వం లాయరును ఇవ్వదు. అయినా ఎలాగోలా డబ్బు సర్ది, ఈ ఒక్కరోజుకైనా లాయరును వెంట తీసుకువెళ్ళండి. మొత్తం కేసులో లాయరు మీద పెట్టే ప్రతి డాలరుకూ ఇక్కడ దక్కినంత ఫలితం ఇంకెక్కడా దక్కదు.

అరెస్టు అయితే ఈ గది దాటిపోయినట్లే. స్టేషన్‌లో వేలిముద్రలు తీసుకుంటారు, చాలాసార్లు సొంత పూచీకత్తు మీద 40 డాలర్ల రుసుము కట్టించుకుని వదులుతారు, మర్నాడు కోర్టుకు రమ్మంటారు. ఆ మొదటి హాజరీ పేరు అరెయిన్‌మెంట్. అభియోగం చదువుతారు, మీ తరఫున ‘నాట్ గిల్టీ’ అని నమోదు చేస్తారు. ‘నేను చేశాను కదా, అబద్ధం చెప్పినట్లవుతుందేమో’ అని ఒక అమ్మాయి నన్ను అడిగింది. కాదు. రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిదని చెప్పడమే దాని అర్థం. మీ నోటితో మీరు ఏ అబద్ధమూ ఆడటం లేదు.

అరెయిన్‌మెంట్ జరగకముందే లాయరు అడగదగినది మరొకటి ఉంది. మసాచుసెట్స్ చట్టాల్లో 276ఎ అధ్యాయం కింద డైవర్షన్, అంటే కేసును విచారణ వైపు కాకుండా ఒక కార్యక్రమం వైపు మళ్ళించడం. ఇదివరకు 18 నుంచి 22 ఏళ్ళ వాళ్ళకే ఉండేది. 2018 సంస్కరణల్లో పై వయసు పరిమితి తీసేశారు. అర్హత ఉందని తేలితే, కేసును 14 రోజులు వాయిదా వేసి మదింపు చేస్తారు, తర్వాత 90 రోజుల కార్యక్రమం. అది పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. అరెయిన్‌మెంట్‌కు ముందే మంజూరైతే రాష్ట్ర నేర రికార్డులో పేరు ఎక్కదు. ఆ రోజు పొద్దున కోర్టు వరండాలో లాయరును కలిసినప్పుడు ఈ మాట మీరే గుర్తు చేయండి. యాభై కేసుల ఒత్తిడిలో ఉన్న లాయరుకు గుర్తు చేయడం అమర్యాద కాదు.

ప్రీట్రయల్ ప్రొబేషన్ అంటే

పై రెండు దారులూ మూసుకుపోయినప్పుడు, లేదా ప్రాసిక్యూటరు ఇంకాస్త గట్టి షరతులు కావాలన్నప్పుడు, మాటల్లోకి వచ్చేది ఇది. 276వ అధ్యాయం, 87వ సెక్షన్. విచారణ జరగకముందే, నేరం ఒప్పుకోకముందే, నిందితుడి అంగీకారంతో కోర్టు అతన్ని ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు. గడువు చాలా కేసుల్లో కొన్ని నెలల నుంచి ఏడాది. షరతులన్నీ పాటిస్తే ఆఖరి రోజున కేసు కొట్టేస్తారు. దోషి అన్న మాట ఎక్కడా రాదు.

తెలుగునాట ఉన్న తల్లిదండ్రులు ‘ప్రొబేషన్’ అనగానే బెంబేలెత్తడానికి కారణం ఉంది. మన దేశంలో 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద ప్రొబేషన్ ఇవ్వాలంటే ముందు నేరం రుజువు కావాలి. ఆ తర్వాతే జడ్జి జైలుకు బదులు మంచి నడవడిక బాండు మీద వదులుతారు. ఊళ్ళో ఎవరైనా లాయరును అడిగితే ఆయన తన అనుభవంతో ‘శిక్ష పడిందన్నమాట’ అంటారు. అది అక్కడి చట్టం ప్రకారం సరైన మాటే. మసాచుసెట్స్ 87వ సెక్షన్‌లో విచారణకు ముందు ఇచ్చే ప్రొబేషన్‌కు ఆ అర్థం లేదు.

ఇక్కడ రెండు సంగతులు కలిపేసుకోకండి. అరెయిన్‌మెంట్ రోజునే ‘ఆ దుకాణానికి వెళ్ళకు, ప్రొబేషన్ ఆఫీసులో కనిపిస్తూ ఉండు’ అని జడ్జి పెట్టే షరతులు ఉంటాయి. అవి కేసు నడుస్తున్నంత కాలం బయట ఉండటానికి పెట్టిన షరతులు. అవి పాటించినంత మాత్రాన కేసు కొట్టేయరు. నేను చెప్తున్నది కేసును ముగించే ఒప్పందం. మీ కాగితం మీద ‘ఫలానా తేదీన డిస్మిస్’ అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే మీకు దొరికింది మొదటి రకం. ‘నాకు ప్రీట్రయల్ వచ్చింది’ అని సంబరపడి లాయరుకు ఫోను చేయడం మానేసిన పిల్లలు ఉన్నారు.

ఈ ఒప్పందానికి ప్రాసిక్యూటరు తల ఊపాలి. ప్రభుత్వం వద్దంటుంటే జడ్జి తనంతట తానే ఈ దారిలో కేసు ముగించలేరని రాష్ట్ర సుప్రీం జుడిషియల్ కోర్టు 2003లో కామన్వెల్త్ వర్సెస్ చేనీ కేసులో చెప్పింది. అందుకే మీ శ్రమంతా జడ్జిని మెప్పించడం మీద కాక, జిల్లా అటార్నీ ఆఫీసులో మీ ఫైలు చూసే ఆ యువ ప్రాసిక్యూటరును ఒప్పించడం మీద పెట్టాలి.

ఆకుపచ్చ కాగితం

ఇంతవరకూ చదివి అలసిపోయినా ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవండి.

ప్రాసిక్యూటరు ప్రీట్రయల్ ప్రొబేషన్ ఇవ్వనని, దాని బదులు ‘కంటిన్యుయెన్స్ వితౌట్ ఎ ఫైండింగ్’ ఇస్తానని అంటారు. కోర్టులో అందరూ ‘సీవాఫ్’ అని పిలుస్తారు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కొన్ని నెలలు బుద్ధిగా ఉంటే ఇందులోనూ కేసు కొట్టేస్తారు. మసాచుసెట్స్ చట్టం దృష్టిలో ఇదీ శిక్ష కాదు. అమెరికా పౌరుడికి ఇది మంచి ఒప్పందమే. అందుకే చాలామంది లాయర్లు అలవాటుగా ‘ఫరవాలేదు, ఇది కన్విక్షన్ కాదు’ అంటారు. కన్విక్షన్ అంటే దోషిగా తేలడం.

పౌరులు కాని మనకు ఇది కన్విక్షనే. 1996లో అమెరికా కాంగ్రెస్ ఇమిగ్రేషన్ చట్టంలో సొంత నిర్వచనం పెట్టింది. జడ్జి తీర్పును పక్కన పెట్టినా సరే, రెండు విషయాలు జరిగితే చాలు. ఒకటి, నిందితుడు నేరమో, నేరం రుజువు కావడానికి సరిపడే వాస్తవాలో ఒప్పుకోవడం. రెండు, జడ్జి ఏదో ఒక శిక్షో, జరిమానావో, స్వేచ్ఛ మీద కట్టడో విధించడం. సీవాఫ్‌లో ‘సరిపడే వాస్తవాలు ఉన్నాయని ఒప్పుకుంటున్నాను’ అని మీరే చెప్తారు, ఆపైన ప్రొబేషన్ వస్తుంది. రెండూ కుదిరాయి. తర్వాత కేసు కొట్టేసినా ఇమిగ్రేషన్ దృష్టిలో ఆ కన్విక్షన్ పోదు. ప్రీట్రయల్ ప్రొబేషన్‌లో రెండోది ఉంది, మొదటిది లేదు. తేడా అంతా ఆ ఒక్క ఒప్పుకోలు దగ్గరే.

దీన్ని గుర్తుపట్టడానికి న్యాయశాస్త్రం చదవనక్కరలేదు. నేరం ఒప్పుకునేటప్పుడు, సీవాఫ్ తీసుకునేటప్పుడు నింపే ఫారాన్ని ఇక్కడి కోర్టుల్లో ‘గ్రీన్ షీట్’ అంటారు. హక్కులు వదులుకుంటున్నానని అందులో సంతకం చేయాలి. మీ ముందుకు ఆ కాగితం వచ్చిందంటే జరుగుతున్నది ప్రీట్రయల్ ప్రొబేషన్ కాదు. మరో గుర్తు: ఒప్పుకోలు తీసుకునే ముందు, ‘మీరు పౌరులు కాకపోతే దీనివల్ల దేశం నుంచి పంపివేత, ప్రవేశ నిరాకరణ, పౌరసత్వ నిరాకరణ జరగవచ్చు’ అని జడ్జి తప్పనిసరిగా చెప్పాలి. 278వ అధ్యాయం 29డి సెక్షన్ జడ్జికి ఆ బాధ్యత పెట్టింది. ఆ వాక్యం మీ చెవిన పడిన క్షణంలో, ‘నా లాయరుతో మాట్లాడాలి’ అని గట్టిగా చెప్పండి. జడ్జికి కోపం రాదు. ఆ హెచ్చరిక చేసేది మీరు ఆగి ఆలోచించడానికే.

క్షమాపణ లేఖ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దుకాణానికి లేఖ రాయమని షరతు పెట్టడం మామూలే. మన పిల్లలు మనసు పెట్టి, ఏ వస్తువు ఎందుకు తీసుకున్నారో రెండు పేజీలు రాస్తారు. అది కోర్టు ఫైల్లోకి చేరితే ఒప్పుకోలుగా చూపించే వీలుంది. మీ పశ్చాత్తాపం నిజమైనదని నాకు తెలుసు. అయినా లాయరు చూడకుండా ఒక్క వాక్యం కూడా పంపకండి. లేఖ బదులు సమాజసేవ గంటలు పెంచమని లాయరు అడగవచ్చు.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు కూడా ఇదే కొలతతో చూసుకోవాలి. న్యూ జెర్సీ మున్సిపల్ కోర్టుల్లో చిన్న దొంగతనం కేసులకు ఇచ్చే ‘కండిషనల్ డిస్మిసల్’లో ముందు నేరం ఒప్పుకోవాలి, లేదా దోషిగా తేలాలి. పేరులో డిస్మిసల్ ఉన్నా ఇమిగ్రేషన్‌కు అది కన్విక్షన్. టెక్సాస్‌లోని ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ కూడా అంతే. న్యూ యార్క్‌లో ‘ఏసీడీ’ అనే, కొంతకాలం వాయిదా వేసి కొట్టేసే పద్ధతిని ఒప్పుకోలు లేకుండానే ఇస్తారు. న్యూ జెర్సీ ఎడిసన్‌లో ఉన్న స్నేహితుడికి ఏం జరిగిందో విని, ఆ లెక్కన మీ కేసును అంచనా వేసుకోకండి.

లాయరును ఎలా వాడుకోవాలి

నేర లాయరు ఇమిగ్రేషన్ ఫలితం గురించి చెప్పడం దయాధర్మం కాదు. పాడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో 2010లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని లాయరు బాధ్యతగా తేల్చింది. కాబట్టి మొదటి నిమిషంలోనే, ‘నేను ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద ఉన్నాను, పౌరుణ్ణి కాదు’ అని చెప్పండి. దాచుకునే విషయం కాదిది. లాయరుకు చెప్పినది లాయరు దగ్గరే ఉంటుంది.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, జైలుశిక్షకు వీలున్న కేసులో కోర్టే నియమిస్తుంది. ప్రొబేషన్ ఆఫీసులో ఆదాయం వివరాలు రాసి ఇవ్వాలి. క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు పనిచేసే విద్యార్థి సంగతి వాళ్ళకు కొత్త కాదు. కోర్టు ఇచ్చిన లాయరు తక్కువరకం అనే అపోహ మనవాళ్ళలో బలంగా ఉంది. అది వదిలేయండి. ఈ లాయర్లను చూసుకునే రాష్ట్ర సంస్థ సీపీసీఎస్‌లో ఇమిగ్రేషన్ ఇంపాక్ట్ యూనిట్ అని ప్రత్యేక విభాగం ఉంది. మీ లాయరు ఆ విభాగాన్ని సంప్రదించారా అని అడగండి. వేల డాలర్లు పోసి పెట్టుకున్న లాయరుకు కూడా కొన్నిసార్లు తెలియని సంగతి ఆ విభాగంలో వాళ్ళకు కొట్టిన పిండి.

దుబాసీ గురించి సిగ్గుపడకండి. ఇంజనీరింగ్ ఇంగ్లీషులో చదివాం కదా అని, జడ్జి మాట సగమే అర్థమైనా ‘యెస్, యువర్ ఆనర్’ అనేస్తారు. కోర్టులో తెలుగు దుబాసీని అడిగే హక్కు ఉంది, డబ్బు కట్టనక్కరలేదు. దుబాసీ కోసం వాయిదా పడినా ఫరవాలేదు.

ప్రాసిక్యూటరును ఒప్పించడానికి లాయరు చేతికి మీరు ఏం ఇస్తారన్నది చాలా ముఖ్యం. మా ఆఫీసులో నేను ఒక ఫోల్డరు తయారు చేయిస్తాను. విశ్వవిద్యాలయం మార్కుల పట్టిక. ప్రొఫెసరు దగ్గరనుంచో, పనిచేసే చోటనుంచో వ్యక్తిత్వం గురించి ఒక ఉత్తరం, అందులో కేసు ప్రస్తావన లేకుండా. లాయరు సరేనంటే ముందే పూర్తి చేసిన ఆన్‌లైన్ తరగతి ధ్రువపత్రం. ఆహార బ్యాంకులోనో, గుడిలోనో చేసిన సేవాగంటల లెక్క, అక్కడి బాధ్యుల సంతకంతో. దుకాణానికి నష్టం ఉంటే దాన్ని లాయరు ద్వారా చెల్లించడానికి సిద్ధమని ఒక మాట. వీటితోపాటు, సీవాఫ్ ఇస్తే ఈ విద్యార్థికి పడే శిక్ష కోర్టు వేసేదానికంటే ఎన్నో రెట్లు పెద్దదని వివరిస్తూ లాయరు ఒక పేజీ రాస్తారు. అదే కేసులో పౌరుడైన కుర్రాడికి ఆరు నెలల ఇబ్బంది, ఇతనికి చదువు, అప్పు చేసి కట్టిన ఫీజు, భవిష్యత్తు మొత్తం. చాలామంది ప్రాసిక్యూటర్లకు ఇమిగ్రేషన్ చట్టం తెలియదు. తెలిస్తే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు.

ఒప్పుకోకపోతే? మొదటి తేదీనే చేతులెత్తేయకండి. మరో వాయిదాకు ప్రాసిక్యూటరు మారవచ్చు, దుకాణం సాక్షి రాకపోవచ్చు. కోర్టు ఖర్చులు కట్టించుకుని, ఏ ఒప్పుకోలూ లేకుండా కొట్టేసే పద్ధతి కూడా ఉంది. లైసెన్సు లేకుండా కారు నడిపిన కేసులు ఎక్కువగా అలా ముగుస్తాయి. తాగి నడిపిన కేసులకు మాత్రం ఈ వ్యాసంలో చెప్పిన దారులు చాలా అరుదు, వాటి లెక్కే వేరు. రూమ్మేట్ల గొడవో, భార్యాభర్తల గొడవో పక్కింటివాళ్ళు 911కి చెప్పగా వచ్చిన కేసుల్లో ఇమిగ్రేషన్ ప్రమాదం దొంగతనం కేసుకంటే ఎక్కువ, కాబట్టి ఇమిగ్రేషన్ లాయరును మొదటిరోజే కలవండి.

ఒప్పందం కుదిరాక

సంతకం చేసే కాగితంలో మూడు చూడండి. ఒప్పుకోలు మాట లేదని, కొట్టేసే తేదీ రాసి ఉందని, షరతులు మీరు చేయగలిగినవేనని. సెమిస్టరు మధ్యలో నూరు గంటల సేవ ఒప్పుకుని తర్వాత తంటాలు పడేకంటే అప్పుడే అడిగి తగ్గించుకోవడం నయం. నెలనెలా కట్టే ప్రొబేషన్ రుసుమును రాష్ట్రం 2022లో ఎత్తేసింది, ఆ ఖర్చు ఉండదు.

షరతుల్లో అందరూ తడబడేది ‘కొత్తగా అరెస్టు కాకూడదు’ అన్న దగ్గర కాదు. చిరునామా మారినప్పుడు. ఇంటర్న్‌షిప్ వచ్చి వేసవిలో వేరే రాష్ట్రానికి వెళ్తారు, ప్రొబేషన్ ఆఫీసు ఉత్తరం పాత అపార్ట్‌మెంట్‌కు పోతుంది, తేదీ తప్పుతుంది, డిఫాల్ట్ వారెంటు పుడుతుంది. ఆ వారెంటు పోలీసు కంప్యూటర్లలో కనిపిస్తుంది. ఇల్లు మారేముందు, రాష్ట్రం దాటేముందు ప్రొబేషన్ అధికారికి చెప్పి, లిఖితంగా అనుమతి తీసుకోండి. వాళ్ళు మీ శత్రువులు కారు. సకాలంలో చెప్పే కుర్రాడిపై వాళ్ళకు సదభిప్రాయమే ఉంటుంది.

ఒకవేళ షరతు తప్పితే కేసు తిరిగి విచారణ జాబితాలోకి వెళ్తుంది. మీరేమీ ఒప్పుకోలేదు కాబట్టి మీ హక్కులన్నీ అలాగే ఉంటాయి, ప్రభుత్వం మొదటినుంచి రుజువు చేసుకోవాలి. సీవాఫ్‌లో అయితే జడ్జి నేరుగా దోషిగా ప్రకటించి శిక్ష వేయవచ్చు. ఇది కూడా లాయరుతో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోవలసిన తేడా.

విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వెంటనే అంతా రాసేయాలని కొందరికి తొందర. అక్కడి డీఎస్‌వో (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) మంచివారే కావచ్చు, కానీ ఆయనకు చెప్పినదానికి లాయరుకు చెప్పినదానికున్న గోప్యత లేదు. ముందు ఇమిగ్రేషన్ లాయరు, తర్వాతే ఆ ఈమెయిలు.

ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు

బిడ్డ పరాయిదేశంలో కోర్టు మెట్లెక్కుతుంటే నిద్రపట్టదని నాకు తెలుసు. ఒక తండ్రి నాతో, ‘అమ్మా, రేపే విమానం ఎక్కించేస్తాను, ఆ చదువే వద్దు’ అన్నారు. ‘బాబాయ్ గారూ, దయచేసి ఆ పని చేయకండి’ అని బతిమాలాను. కేసు నడుస్తుండగా దేశం వదిలితే వారెంటు పుడుతుంది, కేసు అక్కడే తెరిచి ఉంటుంది, మళ్ళీ ఈ దేశానికి రావాలన్నా, వేరే దేశం వీసా అడిగినా అది ఎదురొస్తుంది.

దుకాణం వాళ్ళతో రాజీ మాట్లాడటానికి ఇక్కడున్న బంధువులను పంపకండి. లోక్ అదాలత్‌లో ఇద్దరూ కూర్చుని సర్దుకున్నట్లు ఇక్కడ కుదరదు. కేసు నడిపేది ప్రభుత్వం. పైగా ‘దుకాణం దరిదాపులకు పోకూడదు’ అన్న షరతు ఉంటే ఆ ప్రయత్నం పిల్లవాడి మీదికే వస్తుంది. దుకాణం తరఫు లాయరు నుంచి డబ్బు కట్టమని ఉత్తరం వస్తే అది సివిల్ వ్యవహారం. అది కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు పోదు. ఉత్తరాన్ని లాయరుకు చూపించండి. మీరు చేయగలిగిన గొప్ప సాయం ఫోనులో తిట్టకుండా ఉండటం. భయంతో, సిగ్గుతో కుంగిపోయిన పిల్లలే తొందరపడి ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు.

కేసు కొట్టేసిన తర్వాత

రాష్ట్ర రికార్డులో కేసు కొట్టేసినట్లు ఉంటుంది. వేలిముద్రలు మాత్రం ఎఫ్‌బీఐ దగ్గర ఉంటాయి. 2025 వసంతంలో వేలాది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులను, అంటే వాళ్ళ విద్యార్థి హోదాను నమోదు చేసే రికార్డులను, ప్రభుత్వం ఒక్కసారిగా రద్దు చేసింది. పోలీసు సమాచార వ్యవస్థలో పేరు కనిపించడమే చాలామంది విషయంలో కారణం, కేసు కొట్టేసినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. విద్యార్థులు కోర్టులకెక్కారు, ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డులు తిరిగి పునరుద్ధరిస్తామని చెప్పింది. ప్రీట్రయల్ ప్రొబేషన్ మంచి ముగింపే, కానీ అరెస్టు జరగనట్లు చేయదు. కాన్సులేట్ ఒక అరెస్టు ఆధారంగానే వీసా రద్దు చేయవచ్చు. కాబట్టి కేసు ముగిసినా, ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా ఇండియా టికెట్టు కొనకండి. పెళ్ళి ముహూర్తం ఉన్నా సరే.

వీసా దరఖాస్తు డీఎస్‌-160లో, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. ‘కేసు కొట్టేశారు కదా’ అని కన్సల్టెన్సీ వాళ్ళు ‘లేదు’ అని టిక్కు పెట్టిస్తారు. పెట్టకండి. చిన్న కేసు కొట్టివేతతో ముగిస్తే దాన్ని వివరించవచ్చు. అబద్ధం చెప్పి దొరికితే అది మోసం కింద శాశ్వత నిషేధానికి దారితీస్తుంది. తర్వాత గ్రీన్ కార్డు ఫారంలోనూ, పౌరసత్వం ఫారంలోనూ ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. అన్నిచోట్లా ఒకటే జవాబు ఉండాలి.

ఉద్యోగాల సంగతి కాస్త నయం. కన్విక్షన్‌తో ముగియని అరెస్టు గురించి మసాచుసెట్స్ యజమాని అడగడాన్ని రాష్ట్ర చట్టం నిషేధించింది. కొట్టేసిన కేసు రికార్డును మూసి ఉంచమని, అంటే సీల్ చేయమని, 100సి సెక్షన్ కింద జడ్జిని కోరవచ్చు. ఇమిగ్రేషన్ వాళ్ళకు సీల్ అడ్డురాదు, ఉద్యోగాల తనిఖీల్లో మాత్రం పనికొస్తుంది.

సీల్ చేయమని అర్జీ పెట్టేముందు ఒక పని తప్పకుండా చేయండి. కోర్టు క్లర్క్ ఆఫీసుకు వెళ్ళి, ముద్ర వేసిన డాకెట్ (కేసులో జరిగినదంతా రాసిన కోర్టు పట్టిక) ప్రతులు మూడు నాలుగు తీసుకోండి. వాటితోపాటు అభియోగ పత్రం, పోలీసు నివేదిక, ప్రీట్రయల్ ప్రొబేషన్ ఉత్తర్వు. సీల్ అయ్యాక ఇవి తెచ్చుకోవడం పెద్ద తతంగం, వీసా అధికారి, గ్రీన్ కార్డు అధికారి అడిగేది ఇవే. ఉత్తర్వులో ఏ ఒప్పుకోలూ లేదని కళ్ళారా చూసుకుని, ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి ఇమిగ్రేషన్ లాయరు దగ్గర, ఒకటి ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర ఉంచండి. స్కాన్ చేసి మీకు మీరే ఈమెయిలు కూడా పంపుకోండి, విశ్వవిద్యాలయం ఈమెయిలుకు కాదు, చదువయ్యాక కూడా మీ చేతిలో ఉండే ఖాతాకు.